సెకండ్ షిఫ్టు వారం కథలు

పాత నవ్వులకు ఆయుష్షు ఎక్కువ. ముప్పై ఏళ్ల కింద బుధవారం సాయంత్రాలు టీవీలో అరగంటసేపు వచ్చిపోయిన 'మూడు వాటాల ఇల్లు' అనే హాస్య ధారావాహికను ఇవాళ తలచుకునేవాళ్లు ఉంటారా అంటే, ఉన్నారు. ఫోన్లలో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఇంటి ఓనరు గుర్నాథం గొడుగుకు పిడి ఎందుకు లేదు, గోడ మీది క్యాలెండరు మూడేళ్లపాటు ఒకే నెల దగ్గర ఎందుకు ఆగింది, మొదట్లో కనబడిన పిల్లి తర్వాత ఏ గంగలో కలిసింది అని పొద్దు పొడిచింది మొదలు వాదించుకుంటారు. పోయిన వయసును వెతుక్కోవడానికి కొందరు చదివిన బడికి వెళ్లి గోడలు తడుముతారు, కొందరు తీర్థాలు తిరుగుతారు. వీళ్లు గుర్నాథం ఇంటికి పోతారు. అంతే తేడా.

భూపాలపల్లి సోమనర్సయ్య ఆ ఇంట్లోకి ఆలస్యంగా వచ్చిన కిరాయిదారు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి ఊరి చివర రెండు గదులు వేసుకున్నాడు. సున్నం ఆరకముందే భార్య బాలనర్సమ్మ జ్వరంతో దవాఖానకు పోయి తిరిగి రాలేదు. హన్మకొండలో ఉద్యోగం చేసుకునే కూతురు తేజస్విని, తండ్రి రోజంతా గోడకేసి చూస్తున్నాడని ఒక ఫోన్ కొనిచ్చి, "బాపూ, నువ్వు ఎప్పుడూ చెప్పే ఆ సీరియల్ పిచ్చోళ్లు దీంట్ల ఉన్నరు, మాట్లాడు" అని గ్రూపులో చేర్పించి పోయింది.

మొదట్లో అందరూ ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. గుర్నాథం మీసం ఊడి పాయసంలో పడ్డ సంగతి చెప్పాడు, నిజమే. నీళ్లు మోసే యాదగిరి సంగతి చెప్పాడు, అదీ నిజమే. ఆ ఇంట్లో మన తెలంగాణ యాసలో మాట్లాడేవాడు యాదగిరి ఒక్కడే; వాడు నోరు తెరిస్తే చాలు, పెట్టెలో కనబడని జనం పకపకా నవ్వేవారు. ఆ నవ్వుకు మనవాళ్లు కూడా నవ్వేవారు. ఎవరి మీద నవ్వుతున్నామో తెలిసేసరికి మనిషికి సగం వయసు అయిపోతుంది.

చిక్కంతా తర్వాత వచ్చింది. ఒకనాడు సోమనర్సయ్య, గుర్నాథం పెళ్లాం అనసూయ అలిగి బస్టాండుకు పోయిన ఎపిసోడ్ గురించి గ్రూపులో మాట్లాడాడు. ఆయనకు రాయడం విసుగు, గొంతే పంపుతాడు. "అందరికి నమస్తే. అనసూయ సంచి సర్దుకుని తల్లిగారింటికి పోదామని బస్టాండుల కూసుంటది సూడుండ్రి. బస్సు వస్తది. ఎక్కెటాల్లకు పొద్దుగాల గారెలకు పప్పు నానబోసిన సంగతి యాదికొస్తది. అయ్యో, పులుస్తది గదా అని మర్లి ఇంటికొస్తది. మొగనికి ఏం ఎరుకుండదు. గారెలు తిని ఉప్పు తక్కువైందంటడు. మేమైతే కడుపు పట్టుకుని నవ్వినం."

గ్రూపులో గుర్నాథం ఇంటి పునాది రాయి దాకా తెలిసిన మనిషి ఒకరున్నారు. జనగామ జగన్మోహన్. తరిగొప్పుల దిక్కు పొలాలు, జనగామలో మేడ, చేతినిండా తీరిక. ఎపిసోడ్లన్నీ ఎక్కడెక్కడివో ఏరి దాచిపెట్టుకున్నాడు. ఆయన జవాబు కూడా గొంతులోనే వచ్చింది: "సోమన్నా, గది మా ఇండ్లళ్లకు రాలే. మీ టీవీకి స్పెషల్‌గ వచ్చిందా ఏంది?"

కింద నవ్వు బొమ్మలు వరస కట్టాయి. ఆ తర్వాత సోమనర్సయ్య చెప్పిన నాలుగైదు ఎపిసోడ్లు కూడా ఎవరికీ గుర్తు లేవని తేలింది. గ్రూపులో ఆయన పేరు 'గప్పాల సోమన్న' అయింది.

ఆయన్ని అంటే ఊరుకునేవాడే. బాయిలో పని చేయించే సర్దార్ల తిట్లు తిన్న చెవులవి. కానీ ఆ ఎపిసోడ్లు ఆయన చూసినవి కావు, బాలనర్సమ్మ చెప్పినవి. గనిలో షిఫ్టు వారం వారం మారుతుంది. ఫస్ట్ షిఫ్టు, నైట్ షిఫ్టు వారాల్లో బుధవారం సాయంత్రం మనిషి ఇంటి దగ్గరే ఉంటాడు. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా సాగే సెకండ్ షిఫ్టు వారం మాత్రం గుర్నాథం ఇంట్లో దీపాలు వెలిగే వేళకు సోమనర్సయ్య భూమి కింద తలదీపం పెట్టుకుని బొగ్గు నింపుతుండేవాడు. ఆ వారం కథ మర్నాడు పొద్దున బాలనర్సమ్మ నోట వినేవాడు. మధ్యాహ్నం దాన్ని మోసుకుపోయి, లోపల సద్ది తినేటప్పుడు తన జట్టుకు చెప్పేవాడు. వాళ్లదీ అదే షిఫ్టు, వాళ్లూ చూసి ఉండరు. ఒగ్గు కథలో పక్కన నిలబడి 'అవునా!' అని అందుకునేవాడు ఒకడుంటాడు. వాడు లేకపోతే కథ నడవదు. బాయిలో ఆ పని జాల్యాది. మానుకోట దిక్కు తండావాడు. నవ్వాల్సిన చోటు రాకముందే నవ్వేవాడు.

గోడ మీది ఫోటోలో బాలనర్సమ్మ నవ్వదు. ఆధార్ కార్డు ఫోటోను పెద్దది చేయించారు, దాంట్లో ఎవరు నవ్వుతారు? ఆమె నవ్వు ఆయన దగ్గర మిగిలింది ఆ కథల్లోనే. కథ రాలేదంటే ఆమె అబద్ధం చెప్పినట్టు. తేజస్విని ఫోన్లో "పోనియ్ బాపు, ముసలోళ్ల లొల్లి" అంటే, "నన్ననుమను బిడ్డా, మీ అవ్వను అంటున్నరు" అన్నాడు.

ఆ ఆదివారం జగన్మోహన్ ఇంట్లో గ్రూపువాళ్లంతా కలుస్తున్నారని తెలిసి, ఆయన సాక్షులను కూడగట్టాడు. చిట్యాల పోశాలు ఒకడు; క్వార్టర్లలో పక్కింటివాడు, బాయిలో అదే జట్టువాడు, టీవీ ఉన్నది వాళ్లింట్లోనే. సోమనర్సయ్య దంపతులు బుధవారం బుధవారం వాళ్ల చాప మీద కూర్చుని చూసేవారు. రెండోవాడు జాల్యా, రైల్లో నేరుగా జనగామకు వచ్చాడు.

"రాండ్రి రాండ్రి, గప్పాల సోమన్న సాక్షులను గూడ పట్కొచ్చిండు!" గడపలోనే జగన్మోహన్ ఎదురొచ్చాడు. మాటలో వెటకారం ఉన్నా చెడ్డ మనిషి కాదు. కుర్చీలు తానే వేశాడు.

"బొగ్గుబాయోళ్లం సార్," అన్నాడు జాల్యా. "నల్లగుంటం గని మాట తెల్లగుంటది."

హాలులో పదిమంది దాకా ఉన్నారు. అందరికీ చాయలు తిరుగుతున్నాయి. గుర్నాథం గొడుగు సంగతి మళ్లీ మొదలైంది. ఒకరు పిడి ఎలుక కొరికిందన్నారు, ఒకరు కాదు కోడలు విరగ్గొట్టిందన్నారు. సోమనర్సయ్యకు ఆ మాటలు చెవికెక్కలేదు. చేతిలో చాయ్ చల్లారింది.

"సార్, నా ముచ్చట తేల్చుండ్రి," అన్నాడు.

జగన్మోహన్ పెద్ద టీవీ పెట్టి ఎపిసోడ్ల మొదళ్లు ఒక్కొక్కటే చూపించాడు. అదే నడవ, అదే క్యాలెండరు, అదే అనసూయ. బస్టాండు లేదు. "అన్నా, ఇంకో సంగతి చెప్త విను," అన్నాడు చివరికి. "ఈ సీరియల్ మొత్తం ఒక్క సెట్టుల తీసిండ్రు. బయట తీసెటందుకు వాళ్లకు ఖర్చు ఎల్లకపోయేది. మొదటికెల్లి ఆఖరి దాక అనసూయ గడప దాటదు. దాటిన ఎపిసోడే లేదు. ఇగ బస్టాండు ఎక్కడిది?"

"ఉన్నది సార్!" జాల్యా లేచి నిలబడ్డాడు. "ఆమె సంచికి జిప్పు పోయి పిన్నీసులు పెట్టుకుంటది. నా కండ్లళ్ల మెదులుతున్నది."

"నువ్వు ఏ టీవీల చూసినవే?"

జాల్యా మళ్లీ కూర్చున్నాడు. "చూసిన్నంటే... సోమన్న చెప్తుంటే... చూసినట్టే ఉంటుండె సార్."

హాలంతా గొల్లుమంది. నవ్వనిది ఒక్క విమల. బడిలో పాఠాలు చెప్పి మానుకున్న మనిషి, గ్రూపు పెట్టింది ఆమే. "అన్నా, ఆ బస్టాండు ఎట్లుంటుండె?" అని నెమ్మదిగా అడిగింది.

"సిమెంటు బల్ల చెల్లె. ఒక కాలు ఇరిగితే కింద రాయి పెట్టిండ్రు. పక్కపొంటి చెరుకురసం బండి. కండక్టరు పరకాల, హన్మకొండ, పరకాల, హన్మకొండ అని మొత్తుకుంటడు."

"గుర్నాథం ఇల్లేమో హైదరాబాదుల, బస్సేమో పరకాలదా!" జగన్మోహన్ తొడ చరుచుకున్నాడు. మళ్లీ నవ్వులు.

పోశాలు కూడా నవ్వాడు. నవ్వుతూనే, ఏదో చిన్న సంగతి సర్దుతున్నట్టుగా అన్నాడు: "అయినా సోమన్నా, సెకండ్ షిఫ్టు వారం వదిన మా ఇంటికి టీవీకి ఎక్కడొచ్చేది? రాకపోయేది. మా ఆడామె పిలిచి పిలిచి ఇడిసిపెట్టింది. నువ్వే గదనే వద్దన్నది. నేను లేనప్పుడు చీకటి పడ్డంక ఒకరింట్ల కూసునుడు ఏందని."

సోమనర్సయ్య పోశాలు వైపు చూశాడు.

"నేనన్ననా?"

"అనకపోతే? మా ఇంటి ముంగటనే అంటివి. వదిన తలకాయ వంచుకుని లోపలికి పోయె." పోశాలుకు తాను ఏం చెబుతున్నాడో ఇంకా తెలియలేదు. "మా ఆడామె చెప్పే కథ వేరే తీర్గ ఉంటుండె. నువ్వు చెప్పేదేమో వేరే. దీనికి సమజ్ కాలేదు తియ్, అనుకుంటుంటి. నీదే మంచిగుంటుండె."

ఎవరో గొడుగు సంగతి మళ్లీ ఎత్తబోయారు. విమల చెయ్యెత్తి ఆపింది.

తాను పెట్టిన కట్టడి మనిషికి గుర్తుండదు, పడ్డవాళ్లకే గుర్తుంటుంది. సోమనర్సయ్య ఆ మాట అని, బాయికి పోయి, మరిచిపోయాడు. మర్నాడు పొద్దున వచ్చి కూర్చుని, "రాత్రి ఏమైందే గుర్నాథం ఇంట్ల?" అని ఆబగా అడిగాడు. అడిగినవాడికి ఆమె ఏం చెప్పాలి? చీకటి పడ్డాక తలుపేసుకుని ఆమె ఒక్కతే కూర్చునే ఇల్లు అది. తేజస్విని ఇంకా పుట్టలేదు. ఏదో ఒకటి చెప్పింది. ఆయన నవ్వాడు. మూడు వారాలకు మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పింది. ఆమె కథల్లో గుర్నాథం, అనసూయ, అందరూ మన మాటే మాట్లాడేవారు. టీవీలో ఆ మాట యాదగిరి ఒక్కడిదే కదా అని ఆయనకు ఒక్కనాడూ తట్టలేదు.

బస్టాండు కథ చెప్పిన పొద్దున ఆయన ముందు గారెలున్నాయి. రాత్రివి, మెత్తబడ్డాయి. కథ విని నవ్వీ నవ్వీ, ఒకటి కొరికి, "మనయి గూడ గట్లనే ఉన్నయే, ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఆమె నవ్వింది. అంత పెద్దగా నవ్వడం ఆయన అంతకు ముందు చూడలేదు. ఆ నవ్వునే ఇన్నాళ్లూ దాచుకున్నాడు.

ఆమెకు తల్లిగారి ఊరు తరిగొప్పుల. భూపాలపల్లిలో పరకాల, హన్మకొండ బస్సు ఎక్కితేనే ఆ ఊరికి దారి.

"సార్," అన్నాడు సోమనర్సయ్య. "మీదే నిజం. గట్లాంటిది టీవీల రాలే."

"ఓడినట్టేనా అన్నా?" జగన్మోహన్ గెలుపు ఇంకా దిగలేదు.

"ఓడిన."

విమల గడప దాకా వచ్చింది. "పైలంగ పో అన్నా" అంది.

పోశాలు చుట్టాలింటికని జనగామలోనే ఆగిపోయాడు. జాల్యా రైలుకు ఇంకా పొద్దుంది, అన్నను బస్సెక్కిస్తానని బస్టాండు దాకా వెంట వచ్చాడు. ఇద్దరూ ఒక బల్ల మీద కూర్చున్నారు. ఎదురుగా తరిగొప్పుల బస్సు నిలబడి ఉంది. కండక్టరు కిందికి దిగి ఊరి పేరు పిలుస్తున్నాడు. సంచులతో ఆడవాళ్లు ఎక్కుతున్నారు. సోమనర్సయ్య వాళ్లలో ఒక్కొక్కరి చేతిలోని సంచి దిక్కు చూస్తున్నాడు.

ఆయన్ని పీడిస్తున్నది ఆ ఒక్క కథ కాదు. అనసూయ కాలి పట్టీలు అమ్ముకున్న కథ ఒకటి ఉంది. అనసూయ ఉత్తపుణ్యానికి నవ్వుతూ ఉంటే దవాఖానకు తీసుకుపోయిన కథ ఒకటి ఉంది. ఆ కథలన్నిటికీ నవ్వాడు. ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ మళ్లీ మొదటి నుంచి వినాలి. చెప్పే మనిషి లేదు.

"ఏందన్నా పరేషాన్‌గున్నవ్? ఓడితే ఓడినం తియ్," అన్నాడు జాల్యా. "జర గా కాకి కథ చెప్పరాదే. ఎన్నేండ్లాయె విని."

"ఇప్పుడెందుకురా?"

"చెప్పన్నా. బస్సు కదిలే దాక."

 అలవాటైన నోరు కాబట్టి, సోమనర్సయ్య మొదలుపెట్టాడు. "అనసూయకు పగలంత మాట్లాడెటందుకు మనిషి ఉండదు. రోజు గోడ మీదికి కాకి వస్తది. అన్నం మెతుకులేసి దానికే అన్నీ చెప్పుకుంటది. ఇయ్యాల ఏం వండిన, నీళ్లు ఎప్పుడొచ్చినయ్, అన్నీ."

"అవునా!" అన్నాడు జాల్యా, ఒళ్లు సర్దుకుని.

"ఒకనాడు కాకి రాలే. ఎదురు చూసింది. పొద్దుగూకింది. రాలే. అనసూయ గోడ దిక్కు చూసి..."

అక్కడ ఆగిపోయాడు. బాయిలో ఈ చోటికి వచ్చేసరికి జట్టంతా ఎగిరి నవ్వేది. ఇది మన ముచ్చటేరా అని ఒకరి వీపు ఒకరు చరుచుకునేవారు. గుర్నాథం ఇంట్లో ఎవరికీ లేని షిఫ్టులు అనసూయ నోటికి ఎట్లా వచ్చాయని ఒక్కడూ అడగలేదు.

"చూసి?" అన్నాడు జాల్యా.

 జాల్యా ఇంక ఆగలేక తానే అందుకున్నాడు. "'ఏమే, ఇగ నీది గూడ సెకండ్ షిఫ్టేనా?' అంటది!" అని, వెనకటిలాగే తొడలు చరుచుకుంటూ, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

తరిగొప్పుల బస్సు కదిలిపోయింది. సోమనర్సయ్య అది మలుపు తిరిగేదాకా చూశాడు.