పొగబీరువా మీద ఎర్ర లైటు

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. పొగబెట్టిన చేప తొమ్మిదిన్నర కిలోలు. ఎల్లారెడ్డి అంగట్లో పదహారేళ్లుగా ఒకే గంపకు ఉన్న చోటు. ఆ గంప దగ్గర తప్ప ఇంకెక్కడా చేప కొనని పందొమ్మిది ఇళ్ల నమ్మకం. పదకొండు మంది దవాఖానలో గడిపిన రోజులు, అన్నీ కలిపితే ఇరవై ఆరు. తలుపు మూసి గోడకు ఆనించిన ఆరు పొగబీరువాలు. ఒక మనిషి, వయసు అరవై మూడు.

2018 ఏప్రిల్ మొదటి వారంలో నాకు ఆ పని అప్పగించారు. అప్పుడు నేను కామారెడ్డిలో ఒక స్వచ్ఛంద సంస్థలో కొనుగోలు సహాయకుడిని. నా పైన ప్రాజెక్టు మేనేజర్, నా కింద ఎవరూ లేరు. ఏ వస్తువు కొనాలన్నా మూడు దుకాణాల నుంచి ధరల పత్రాలు తెప్పించి, వాటి గుణాలన్నీ ఒక పట్టికలో పక్కపక్కన వేసి, ఏది తీసుకోవాలో కింద రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. దాన్ని తులనాత్మక పట్టిక అనేవాళ్లం. నేను ఇంటర్ మధ్యలో ఆపేసినవాడిని. పదేళ్లు రైసుమిల్లులో కాంటా దగ్గర కూర్చుని లెక్క నేర్చుకున్నాను. కరెంటు లెక్కలు పాత ఐటీఐ పుస్తకం కొనుక్కుని నేర్చుకున్నాను. నా పట్టికల్లో తప్పు దొరకదని కార్యాలయంలో పేరుండేది.

ఈసారి కొనాల్సింది ఇంట్లో చేపకు, మాంసానికి పొగబెట్టే కరెంటు పెట్టె. నిజాంసాగర్ వెనుక నీళ్ల ఒడ్డున, ఎల్లారెడ్డి వైపు, చేపలు పట్టే కుటుంబాల వాడ ఒకటి ఉంది. అక్కడి ఆరుగురు ఆడవాళ్లకు తలా ఒకటి ఇవ్వాలి. వాళ్లలో పెద్దామె సాయవ్వ. అమ్ముడుపోని చేపను పారేయకుండా పొగబెట్టి అమ్మడం ఆ వాడలో ఆమె ఒక్కతే చేసేది, మిగతా వాళ్లకు ఆమే నేర్పింది. పెరట్లో మట్టి పొయ్యి, దాని మీద అడుగు తీసేసిన నూనె డ్రమ్ము, లోపల ఇనుప జాలి, కింద మామిడి కట్టె. ఇరవై ఏళ్లు ఆ పొగలో కూర్చుని ఆమెకు ఎడమ కన్ను సగం పోయింది, దగ్గు పట్టుకుంది. అందుకే కరెంటు పెట్టె.

చూడటానికి అది చిన్న ఫ్రిజ్ లాంటి స్టీలు డబ్బా. అడుగున హీటరు కడ్డీ, దాని పైన కట్టె ముక్కల గిన్నె, ఆ పైన నీళ్ల పళ్లెం, మీద జాలీలు. మూడు రకాలు పట్టికలో వేశాను. మొదటిదానికి గోడ ఒకటే రేకు, వేడి నిలవదు, ఆరు కిలోలకు మించి పట్టదు. దాన్ని వెంటనే కొట్టేశాను. రెండోదానికి రెండు గోడలు, నడుమ వేడి ఆపే దూది, పదిహేను కిలోల పట్టు, వెయ్యి వాట్ల హీటరు, ఎంత వేడి కావాలో తిప్పి పెట్టే డిగ్రీల మర, ఒక ఎర్ర లైటు. మూడోది అంతా రెండోదాని లాంటిదే. అదనంగా చేప నడుమ గుచ్చే ఒక ఇనుప పుల్ల, ఆ పుల్ల దగ్గర ఎంత వేడి ఉందో చూపే చిన్న తెర ఉన్నాయి. ధర ఒక్కోదానికి మూడు వేల నాలుగు వందలు ఎక్కువ. మంజూరైన మొత్తంలో మూడో రకం అయిదే వస్తాయి. ఆడవాళ్లు ఆరుగురు. నేను రెండో రకం రాశాను. ఆ లెక్క తప్పని అప్పట్లో నాకెందుకు తోచలేదో ఇవాళ ఎవరైనా అడిగితే చెప్పలేను.

పట్టికతో పాటు ఒక్కో ఇంటికి ఒక స్థల పరిశీలన పత్రం నింపాలి. పద్నాలుగు గడులు. తొమ్మిదో గడిలో ఇలా ఉండేది: పరికరం పెట్టే ఇంట్లో, చుట్టుపక్కల మోటార్లు నడిచే వేళ, కొలిచిన వోల్టేజి. ఏప్రిల్ చివర్లో నేను తాడ్వాయి మీదుగా బస్సులో వెళ్లాను. యాసంగి వరి కోతలైపోయి మోటార్లన్నీ ఆగి ఉన్నాయి. కార్యాలయంలో వోల్టేజి కొలిచే మీటరు మరమ్మతుకు పోయింది. పెట్టె వెనుక రేకు మీద 230 అని అచ్చు వేసి ఉంటుంది కదా అని ఆరు పత్రాల్లోనూ 230 రాశాను. మిగతా పదమూడు గడులు కొలిచి రాసినవే. గుమ్మం వెడల్పు కూడా టేపు పెట్టి కొలిచాను.

మే రెండో వారంలో ఆరుగురినీ కామారెడ్డి పిలిపించి పెట్టె వాడకం చూపించాం. సాయవ్వ వెంట ఆమె భర్త భూమయ్య కూడా వచ్చాడు. గంగామణి అనే ఆమె పెట్టె తలుపు తీసి, "ఏంది సారూ, గీ బీరువల చీరలు పెట్టాల్నా, చాపలు పెట్టాల్నా?" అంది.

"నీకు చీరలెన్నున్నయే పెట్టనీకి? చాపలే పెట్టు," అంది సాయవ్వ. ఆ రోజు నుంచి దాని పేరు పొగబీరువా అయింది.

భూమయ్య నా దగ్గరికి వచ్చి, "మంచి పని చేసిన్రు సారు. పొగ లేకుంటె గీమెకు నా మొకమన్న సక్కగ కనవడ్తది," అన్నాడు.

"గందుకే గిన్నేండ్లు పొయ్యి ఇడువలే," అంది సాయవ్వ.

నేర్పిన విషయాలు నా చేతి రాతలో ఇప్పటికీ ఉన్నాయి. లీటరు నీళ్లకు ఎనభై గ్రాముల ఉప్పు. చేప చేపకు తగలకుండా వేలెడు సందు. మర ఎనభై డిగ్రీల మీద. చేప లోపల అరవై మూడు డిగ్రీలు చేరి అరగంట నిలవాలని శిక్షణ పుస్తకంలో ఉంది. పద్నాలుగు కిలోలకు ఏడు గంటలు పెడితే అది దాటిపోతుందని నేను లెక్క కట్టాను. అప్పుడు సాయవ్వ ఒక మాట అడిగింది. ఆమె ఇన్నేళ్లూ గడియారం చూసింది లేదు. మధ్య మధ్యలో డ్రమ్ము మూత తీసి, చేప వీపు మీది రెక్కముల్లును రెండు వేళ్లతో లాగుతుంది. ముల్లు ఊడి వస్తే లోపల ఉడికినట్టు, రాకపోతే లేదు. ఇందులోనూ అట్లా చూడొచ్చా అని అడిగింది. చూడొద్దన్నాను. తలుపు ఒకసారి తీస్తే పదిహేను, ఇరవై డిగ్రీలు పోతాయి, మళ్లీ ఎక్కడానికి అరగంట పడుతుంది, ఏడు గంటలూ తలుపు ముట్టుకోవద్దు, లైటు చూసుకుంటే చాలు అని చెప్పాను.

ఆ లైటు సంగతి వివరించాలి. హీటరు కరెంటు లాగుతున్నంతసేపూ లైటు వెలుగుతుంది. లోపల వేడి మర మీది అంకెకు చేరగానే హీటరు ఆగుతుంది, లైటు ఆరుతుంది. వేడి తగ్గితే మళ్లీ వెలుగుతుంది. కాబట్టి అప్పుడప్పుడు ఆరడమే మంచి గుర్తు. నేను వాళ్లకు చెప్పింది మాత్రం, లైటు వెలిగితే పెట్టె పనిచేస్తున్నట్టు అని. మే నెలలో సాయవ్వ నాలుగేసి కిలోలు రెండుసార్లు పెట్టింది. రెండుసార్లూ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. చేప బాగా వచ్చింది.

జూన్‌లో మిరుగు వచ్చింది. మృగశిర కార్తె మొదలయ్యే నాడు చేప తినని ఇల్లు మా వైపు తక్కువ. ముందు రోజు పొద్దున తొమ్మిదికి సాయవ్వ పద్నాలుగు కిలోల బొచ్చె, రవ్వ చేపలు చీల్చి పెట్టెలో పెట్టింది. మధ్యాహ్నం ఒంటిగంటకు నాకు ఫోన్ చేసింది.

"సారూ, లైటు ఆరుతనే లేదు. పొద్దుగాల సంది ఎలుగుతనే ఉన్నది. మొన్న ఆరుతుండె గదా?"

నేను ఒక్క నిమిషం ఆలోచించాను. మొన్న నాలుగు కిలోలు, ఇవాళ పద్నాలుగు. సరుకు మూడున్నర రెట్లు కాబట్టి హీటరు ఎక్కువసేపు నడవడం సహజం. ఆ మాటే చెప్పాను.

"పెట్టె మీద చెయ్యి పెడ్తె గోరువెచ్చగనే ఉన్నది సారు. జర తీసి ముల్లు గుంజి సూద్దునా?"

తీయొద్దన్నాను. "నువ్వు జెప్పినట్లె," అని ఆమె ఫోన్ పెట్టేసింది. నా డైరీలో ఆ రోజు ఇలా ఉంది: సాయవ్వ, లైటు నిరంతరం, సరుకు నిండుగా, ఇబ్బంది లేదు.

సాయంత్రం నాలుగింటికి తీస్తే చేప పైకి బంగారు రంగులో ఉంది. తూకం తొమ్మిదిన్నర కిలోలు. ముల్లు లాగి చూస్తే గట్టిగానే ఉందట. కానీ ఏడు గంటలు నిండాయి, సారు చెప్పింది ఏడే. మరునాడు పొద్దున ఎల్లారెడ్డి అంగట్లో గంప ఖాళీ అయింది. మిగిలిన తలకాయలు, తోకలు ఇంటికి తెచ్చి పులుసు పెడదామనుకుంది. భూమయ్య ఆగలేక వాటిని ఉత్తవే తిన్నాడు.

ఆ రాత్రికే వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పది ఇళ్లలో పది మంది, పదకొండోవాడు భూమయ్య. మిగతా వాళ్లు మెల్లగా కోలుకున్నారు. భూమయ్యకు ఒంట్లో నీళ్లన్నీ పోయి మూత్రం ఆగిపోయింది. కామారెడ్డికి తెచ్చారు. మూడో రోజు చనిపోయాడు.

ఆరో రోజు నేను ఒక మీటరు అడిగి తీసుకుని వాడకు వెళ్లాను. దారి పొడుగునా బోర్ల కింద నారుమళ్లు తడుపుతున్నారు, ప్రతి మోటారూ నడుస్తోంది. ఆ వాడ కరెంటు తీగకు చిట్టచివర ఉంది, మోటార్లన్నీ లాగగా మిగిలిన వోల్టేజే అక్కడికి చేరుతుంది. సాయవ్వ ఇంట్లో పొగబీరువా తగిలించిన బోర్డు దగ్గర మూడుసార్లు కొలిచాను. హీటరు ఇచ్చే వేడి వోల్టేజి తగ్గినంతే తగ్గదు, దాని వర్గం లెక్కన తగ్గుతుంది. ఆ సూత్రం నాకు ఎప్పటి నుంచో తెలుసు. నేలమీదే కూర్చుని లెక్క వేశాను. వెయ్యి వాట్లు అనుకున్న హీటరు ఇచ్చింది అయిదు వందల ముప్పై మూడు. చేపను ఉడికించడానికి అది చాలదు. చేప పాడవడానికి ఏ వేడి కావాలో ఆ వేడిలో దాన్ని ఏడు గంటలు నిలబెట్టాం. లైటు ఆరకపోవడానికి కారణం అదే, ఎనభైకి అది ఎన్నడూ చేరలేదు.

సాయవ్వ గడపలో కూర్చుని చూస్తోంది. కరెంటు తక్కువ ఉందని చెప్పాను.

"అంటె తప్పు నాదా సారు, కరెంటుదా?"

నీది కాదు అన్నాను.

"గా మాటనే కాయిదం మీద రాసియ్యి. మీటరు మీద ఎంతొచ్చిందో గా లెక్కేసి దస్కత్ పెట్టు. అంగట్ల నన్ను మొగన్ని తిన్న గంప అంటున్నరు. నేను సదువుకోలే, వాళ్లు సదువుకున్నరు గద, సూపిస్త."

సోమవారం తెచ్చిస్తానన్నాను.

సోమవారం కార్యాలయంలో విచారణ నివేదిక తయారై ఉంది. ఒకటిన్నర పేజీ. పరికరం నిర్ణీత ప్రమాణాల ప్రకారమే ఉంది, స్థలంలో వోల్టేజి 230 అని కొనుగోలు సహాయకుడు ధ్రువీకరించాడు, కాబట్టి లోపం వాడకంలోనూ శుభ్రతలోనూ ఉంది అని తేల్చారు. నేను మేనేజర్‌కు కొలత సంగతి చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. "రాసియ్యి, తీసుకుంట. కానీ గా తొమ్మిదో గడి కింద సంతకం నీదే గదా. వచ్చే నెల నీ కాంట్రాక్టు ఫైలు పైకి పోతది," అన్నాడు. నేను ఆయనకూ, సాయవ్వకూ రాసివ్వలేదు. కాంట్రాక్టు పొడిగించారు. తరువాత ఇంకో నాలుగేళ్లు చేసి, యాభై రెండో ఏట మానేశాను.

సాయవ్వ చోటులో ఆ ఏడు దసరా నాటికి కూరగాయల బండి వచ్చింది. ఇప్పుడామె బీడీలు చుడుతుంది. పొగబీరువాల్లో ఒక్కటీ మళ్లీ తగిలించలేదు.

పొగబెట్టే పెట్టె కొనాలనుకునేవాళ్లు నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. పరిమాణం, జాలీలు, రంగు తరువాత చూడమంటాను. చేప లోపలి వేడి చూపే పుల్ల లేని పెట్టె చవకగా వచ్చినా కొనొద్దంటాను. డబ్బు చాలకపోతే ఆ పుల్లను విడిగా కొనుక్కోవచ్చు. నాకు ఆ సంగతి అప్పుడు తోచి ఉంటే ఆరుగురికీ సరిపోయేది. రేకు మీది వోల్టేజిని కాక ఇంట్లోని వోల్టేజిని, అదీ అన్నిటికన్నా చెడ్డ వేళలో కొలవమంటాను. లైటు హీటరు సంగతి చెబుతుంది తప్ప చేప సంగతి చెప్పదు. ఇన్నేళ్లుగా ముల్లు లాగి చూసే మనిషి ఇంట్లో ఉంటే, కొత్త పెట్టె రుజువయ్యేదాకా ఆ చెయ్యి ఆపొద్దంటాను. కొలవని గడిని ఖాళీగా వదిలేయాలి. ఖాళీ గడిని చూస్తే ఎవరైనా అడుగుతారు, అంకె ఉంటే ఎవరూ అడగరు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే.

పోయిన ఏడాది ఎల్లారెడ్డి బస్టాండులో సాయవ్వ కనిపించింది. చుట్టిన బీడీల తట్ట పక్కన పెట్టుకుని కూర్చుంది. నన్ను గుర్తుపట్టి, భూమయ్య పేరు ఎత్తకుండా, "గప్పుడు మీటరు మీద ఎంతుండె సారు గా లెక్క?" అని అడిగింది. యాది లేదన్నాను.

నేను చూసిన అంకె మరిచిపోయే మనిషిని కాను. మొదటిసారి 171 వచ్చింది, తరువాత రెండుసార్లూ ఒకటే వచ్చింది. ఆ ఫైలులో ఇవాళ్టికీ 230 అనే ఉంది. సాయవ్వకు కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వాల్సినది 168.