నర్సమ్మగారు రాయించిన అప్పీలు

నర్సమ్మగారు పోయారని శుక్రవారం సంతలో తెలిసింది. టైడా వైపు నుంచి చింతపండు తెచ్చే ఒకామె మా కొట్లో తూకం వేయిస్తూ, "మీ నర్సమ్మ ఎల్లిపోనాది గదమ్మా, మొన్ననే మట్టి సేసినారు" అంది. త్రాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకు ఒక్క ముక్క కబురు పెట్టలేదని ముందు కోపం వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది.

ఆవిడ విశాఖలో మనసు జబ్బుల ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసి, డెబ్బైల మొదట్లో మా అరకు లోయకు వచ్చారు. ఇక్కడి చిన్న ఆసుపత్రికి డాక్టరు వారానికోసారి వచ్చేవాడు. మిగతా రోజులు ఆవిడే రోగుల్ని వరండాలో కూర్చోబెట్టుకుని మాట్లాడించేవారు. నిద్రపట్టనివాళ్ళు, ఊరికే ఉలిక్కిపడేవాళ్ళు, నెలల తరబడి నోరు విప్పనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో నడిచి వచ్చేవారు. వాళ్ళలో కొండల్లో రైలు దారి పనిచేసే కూలీలకు బీమా ఉండేది. కాలు విరిగితే క్లెయిము ఇచ్చే బీమా ఆఫీసు, మనసు చెదిరితే మాత్రం "జబ్బేమీ లేదు" అని కాగితం పంపేది. ఆ కాగితాల మీద అప్పీళ్ళు రాయించడం ఆవిడకు రెండో ఉద్యోగం. నేను అప్పుడే టైపు నేర్చుకుని ఇంట్లో ఉన్నాను. "ఊరికే కూకుంటే ఏటొస్తాది గుంటా, రా" అని మా నాన్న ఎదురుగానే నన్ను లాక్కుపోయారు.

తిరస్కరణ కాగితం వస్తే, చేతులు కడుక్కుని గాని దాన్ని ముట్టుకునేవారు కాదు. రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గట్టిగా చదివి వినిపించేవారు. "ఒట్టినే కాదంటే కుదరదు. ఎందుకు కాదన్నాడో రాయాల. ఆ ఎందుకన్నదాన్నే మనం పట్టుకోవాల" అనేవారు. నేను నాలుగు పెద్ద మాటలు చేర్చి టైపు చేస్తే కాగితం లాగేసి, "ఇది ఆడి మాటేనేటి? నీ సదువు ఎవుడు సూపించమన్నాడు?" అని తిట్టేవారు. నాకూ నోరు తక్కువేం కాదు. రోజూ పోట్లాడుకునేవాళ్ళం.

ఒక మనిషి అప్పీలు మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను. అతను సొరంగంలో పనిచేసే కొండ మనిషి, ముప్పయ్యేళ్ళుంటాయి. రాళ్ళు కూలి, తోటి పనివాడితో పాటు ఒక రోజంతా చీకట్లో ఇరుక్కున్నాడు. ఆ తోటివాడు ఇతని పేరు పిలుస్తూనే ఉన్నాడు, ఇతను పలుకుతూనే ఉన్నాడు. తీరా బయటికి తీశాక, తోటివాడు రాళ్ళు పడ్డ క్షణంలోనే పోయాడని డాక్టరు తేల్చాడు.

అతని ఊళ్ళో ఒక కట్టడి ఉంది. మనిషి కనబడకుండా గొంతు మాత్రమే వినబడితే, మూడోసారి పిలిచేదాకా పలకరు. చచ్చినవాళ్ళు రెండుసార్లు పిలిచి ఊరుకుంటారట. పలికితే మాత్రం వెంటపడతారట. చీకట్లో భయానికి అతను అది మరిచి, మొదటి పిలుపుకే పలికేశాడు. అప్పట్నుంచీ ఆ గొంతు తన వెనకే వస్తోందని వణికిపోయేవాడు.

బీమా ఆఫీసు వైద్య పరీక్షకు రమ్మంటే వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. తలుపు అవతల నుంచి పేరు రెండుసార్లు పిలిచారు. ఇతను పలకలేదు. మూడోసారి పిలిచే ఓపిక ఏ ఆఫీసుకుంటుంది? "హాజరు కాలేదు" అని రాసి క్లెయిము కొట్టేశారు. ఇంకేం, నెల తిరిగేలోగా సొరంగం పనిలో చేరమని అతనికి హుకుం వచ్చింది. "మళ్ళీ ఆ సీకట్లోకి ఎల్తే నేను బయటికి రాను నర్సమ్మా" అన్నాడతను. ఏడవలేదు, మామూలుగానే చెప్పాడు.

"ఈ పిలుపుల గొడవ రాత్తే ఆఫీసోళ్ళు నవ్విపోరేటండీ?" అన్నాను నేను.

"నవ్వితే నవ్వనీ. ఆడు పలకకపోడమే ఆడి జబ్బని రాయి. నువ్వు నమ్మక్కర్లేదు, టైపు సెయ్యి" అన్నారు. పరీక్ష రోజు ఆఫీసు గేటు దగ్గర తేదీ ముద్ర వేసి ఇచ్చిన చీటీ అతని దగ్గర ఉంటే, దాన్ని అడిగి తీసుకుని భద్రంగా దాచారు.

అప్పీలు వినడానికి ఆఫీసరు కొండ మీదికే వచ్చి బంగళాలో దిగాడు. పట్టపగలే మంచు వరండాలోకి వచ్చేసింది. మూసిన తలుపు బయట మేం ముగ్గురం కూర్చున్నాం. లోపల్నుంచి అతని పేరు వినిపించింది. అతను కదల్లేదు. రెండోసారి వినిపించింది. నేను మోచేత్తో పొడవబోతే నర్సమ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మూడోసారి వినగానే అతను "ఆఁ" అని లేచాడు. హమ్మయ్య అనుకున్నాను.

లోపలికి వెళ్ళగానే ఆఫీసరు అప్పీలు కాగితం ఊపుతూ, "ఏమ్మా, మూడుసార్లు పిలిస్తేగాని పలకడని రాశారు. మావాడు ఒక్కసారి పిలిచాడు, వచ్చేశాడు. ఇదంతా కట్టుకథేనా?" అన్నాడు.

"ఒక్కసారేనండి" అన్నాడు పక్కనున్న బంట్రోతు.

మూడు పిలుపులూ నా చెవులతో విన్నాను. నర్సమ్మగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. క్లెయిము పోయినట్టే, ఈ మనిషి మళ్ళీ ఆ సొరంగంలోకి పోయినట్టే అనుకున్నాను.

అప్పుడు అతనే నోరు విప్పాడు. "మూడోదే మీది బాబూ. ముందరి రెండూ ఆడియి."

ఆఫీసరు తలుపు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

నర్సమ్మగారు చీటీ తీసి బల్ల మీద పెట్టారు. "పిలుపుల సంగతి ఒగ్గేయండి బాబూ. ఆ దినం ఆడు వచ్చినాడా, రాలేదా? ముద్ర మీ ఆఫీసుదే గదా" అన్నారు. ఆఫీసరు ముద్ర చూశాడు, అతన్ని చూశాడు. క్లెయిము ఒప్పుకుని, వైద్యం పూర్తయ్యేదాకా ఇతన్ని సొరంగంలోకి పంపరాదని రాసి సంతకం పెట్టాడు. చీకటి పడకముందే కొండ దిగిపోవాలన్న తొందర అతనిలో బాగా కనబడింది.

బయటికొచ్చాక, "మీకెన్ని వినపడ్డాయండీ?" అని అడిగాను.

"మూడు."

"మరి అదేటండీ?"

"నాకు తెల్దమ్మా" అన్నారావిడ. "ఆడు అబద్ధమాడలేదు. మనకి అంతవరకే తెలుసు."

అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాళ్ళను నా బతుకులో చాలామందిని చూశాను. తెలియదని చెప్పి, అయినా మనిషి పక్కన నిలబడ్డది ఆవిడ ఒక్కరే. ఆ మాట ఆవిడ ఉండగా ఆవిడతో ఎప్పుడూ అనలేదు. అదే ఇప్పుడు నన్ను కోసేస్తోంది.

ఆ రోజు టీ కొట్టు ముందు అతను బల్ల మీద ఒక చివరకు జరిగి, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు. కాళ్ళు పీకుతుంటే నేను అక్కడే కూలబడబోయాను. నర్సమ్మగారు నా పైట పట్టి వెనక్కి లాగారు. మోకాళ్ళ నొప్పులతో తానూ కుంటుతున్నారు, అయినా ఆ చోట కూర్చోలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఆ మంచులో నిలబడే టీ తాగారు.