సైన్సు టీచరు గారి చీటీల పెట్టె

ఇవాళ నేను మా పాప వాళ్ల స్కూలుకి వెళ్తే, బల్ల మీద సుద్దముక్కల అట్టపెట్టె కనిపించింది. పెద్దాపురంలో నాతో ఏడో తరగతి చదివినవాళ్లూ, గుర్తుందా? సైన్సు టీచరు గారు పాఠం అవ్వగానే పుస్తకాలు మూయించి, గుర్తున్నది చెప్పించేవారు. అర్థం కానిది చీటీ రాసి అలాంటి ఖాళీ పెట్టెలోనే వేయమనేవారు. మర్నాడు ముందుగా వాటికే జవాబు చెప్పేవారు.

నేను రోజూ వేసేదాన్ని. ఒకరోజు ఆవిడ నన్ను ఆపారు.

"పాఠమంతా గడగడా చెప్పేస్తావు కదమ్మా, మళ్లీ ఈ చీటీ ఏంటి?"

"మీరు జవాబు చెప్తారు కదండీ. ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరండి."

మర్నాడు ఆవిడ నా చీటీకే పావుగంట జవాబు చెప్పారు.

దసరా సెలవులయ్యేసరికి ఆవిడకి ట్రాన్స్‌ఫర్ అయిపోయింది. కొత్త మాస్టారు ఆ పెట్టె నిండా సుద్దముక్కలు పోసుకున్నారు. ఆ రోజు పెట్టెలో వేద్దామని రాసిన చీటీని ఇంటికి తెచ్చుకున్నాను.