టైలరక్క చిటికెలు

హిందూపురంలో మా పక్కింటి టైలరక్క కొలతలు రాసుకుంటూ కూడా ఎడమచేత్తో చిటికెలు వేసేది. వయసులో ఉన్నప్పుడు బెంగళూరు హోటళ్లలో జాజ్ పాడేదట. ఏ వాయిద్యమూ లేకుండా ఒంటిగొంతుతో పాడిన క్యాసెట్ ఒకటి ఆమె దగ్గర మిగిలింది. ఫోన్‌లోకి ఎక్కించి తెస్తానని నేనే అడిగి తీసుకున్నాను.

"ఇదొక్కటే ఉండాదప్పా. ఇది పోతే నేను పాడినానంటే ఎవరూ నమ్మరు," అంది.

ధర్మవరంలో రికార్డింగు షాపులో టేపు చిక్కుకుంది. షాపతను ఎలాగో బయటికి లాగి, పని పూర్తిచేసి ఇచ్చాడు. తిరుగు రైలు పెనుకొండ దాటాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. పాట మధ్యలో ఆమె గొంతు ఆగిపోయింది. కాసేపటికి గానీ మళ్లీ రాలేదు. ఈ రైలు హిందూపురం చేరకపోతే బాగుండుననిపించింది.

నేరుగా ఆమె దగ్గరికి వెళ్లి పాట పెట్టాను. ఫోన్‌ను కుట్టుమిషన్ మీద పెట్టాను. పాటతోపాటే ఆమె చిటికెలూ మొదలయ్యాయి. ఆ చోటు రాగానే గొంతు ఆగింది. చిటికెలు ఆగలేదు. ఎనిమిదో చిటికె మీదికి పాట వచ్చి వాలింది.

"టేపు నలిగిపాయక్కా... నా వల్లే," అన్నాను.

"నలగలేదప్పా. ఆ పొద్దు మైకు ముందర భయానికి నాకు గొంతు రాల్యా."

ఫోన్ చెవికి ఆనించుకుని మళ్లీ విన్నాను. రైలు చప్పుడులో వినపడనివి ఇప్పుడు వినిపించాయి. సన్నగా, ఒక్కటీ తప్పకుండా, ఎనిమిది చిటికెలు.