రోజీకి పెట్టిన లడ్డు

పోయిన శనివారం నేను వెలగబెట్టిన ఘనకార్యం చెప్తాను, మీరు నవ్వండి. నాకైతే ఇంకా నవ్వు రావట్లేదు.

మేముండేది మెల్‌బోర్న్‌కి నాలుగు గంటల దూరంలో చిన్న ఊరు. అక్కడ నేను ఫార్మసిస్టుని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే. పక్కింటి కెవిన్ అంకుల్‌కి రోజీ అని ఒక గుర్రం. మా ఊళ్లో ఏడాదికి ఒక్కరోజే పందేలు. గుర్రం మీద ఎవరూ ఎక్కరు. వెనక రెండు చక్రాల చిన్న బండి కట్టి, అందులో కూర్చుని తోలతారు. మన జట్కా పందెం అనుకోండి. రోజీకి వయసైపోయింది, ఇదే ఆఖరి పరుగు. సొంత ఊరి కప్పు ఒక్కసారైనా గెలవాలని అంకుల్ రెండేళ్లుగా రోజూ దాన్ని ట్రాక్ మీద తిప్పుతూనే ఉన్నాడు.

పందెం రోజు నన్ను గెస్టుగా గుర్రాల షెడ్డులోకి తీసుకెళ్లాడు. "రెండు నిమిషాలు తాడు పట్టుకో మేట్, బండి చూసొస్తా" అన్నాడు.

ఆ రెండు నిమిషాలు చాలు నాకు!

పొద్దున మా ఆవిడ సుజాత రోజీ పేరు మీద పూజ చేసి, డబ్బాలో లడ్లు, పొట్లంలో కుంకుమ ఇచ్చింది. "ఆఖరిసారి పరుగుకి వెళ్తోంది పాపం, నోరు తీపి చేసి పంపండి" అంది. తగుదునమ్మా అని బొట్టు పెట్టాను, లడ్డు పెట్టాను. అది నా చెయ్యి నాకింది. ముద్దొచ్చి ఇంకోటి పెట్టాను. తలెత్తి చూస్తే ఎదురుగా పందెం రూల్స్ చూసే ఆఫీసరమ్మ!

"ఏంటది?"

"స్వీట్, మేడమ్. పూజ చేసిన ప్రసాదం."

"అందులో ఏముంది?"

స్వీటన్నాక అక్కడితో నోరు మూసుకోవచ్చుగా? లేబుల్ చదివే రోగం కదా నాది, మొత్తం అప్పజెప్పాను. శనగపిండి, నెయ్యి, పంచదార, యాలకులు... "ఇంకా పచ్చకర్పూరం. అంటే క్యాంఫర్. తినేదే, నో వర్రీస్!"

ఆమె పెన్ను ఆగిపోయింది. పందెం గుర్రానికి కర్పూరం నిషేధమట!

"నువ్వేం చేస్తుంటావ్?"

"ఫార్మసిస్టుని."

ఇంక చెప్పేదేముంది? పందెంలోంచి రోజీ పేరు కొట్టేశామని మైకులో చెప్పేశారు. కప్పు ఎవరిదో గుర్రం పట్టుకుపోయింది.

అంకుల్ నన్ను తిట్టినా బాగుండేది. బండి పక్కకి నెట్టేసి, తడిగుడ్డతో రోజీ నుదుటి మీద బొట్టు తుడుస్తూ నిలబడ్డాడు. నేను సారీ మీద సారీ చెప్తూనే ఉన్నాను. మాటకి ముందొకటీ వెనకొకటీ "నో వర్రీస్" అనే మనిషి, ఆ రోజు మాత్రం ఆ మాట అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి చెప్తే సుజాత, "కర్పూరం సంగతి మిమ్మల్ని చెప్పమన్నదెవరు?" అంది. అలా ఉంది మా ఆవిడ ఓదార్పు!

నిన్న మందుల షాపుకి వెళ్తూ చూశాను. అంకుల్ గేటుకి కొత్త బోర్డు. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి, ముగ్గు వేసినట్టు ఒక్కో అక్షరం చూసి దిద్దినట్టున్నాడు పాపం, వంకరటింకరగా ఉంది: "గుర్రానికి ఏమీ పెట్టకండి."

ఇంగ్లీషులో ఒక్క ముక్క లేదు. ఊరు మొత్తం మీద తెలుగు చదవగలిగేది మేమిద్దరమే. సుజాతకి గుర్రాలంటే భయం, ఆ గేటు ఛాయలకే పోదు. అంటే మా ఊళ్లో వెలిసిన మొట్టమొదటి తెలుగు బోర్డు, అచ్చంగా నా ఒక్కడి కోసం!