గుమ్మడికాయకు మొదటి గాటు

మా బావ బంగారురాజు పందొమ్మిదేళ్లు సరుకుల ఓడల మీద పనిచేశాడు. ఏం పని అని అడిగితే కళింగపట్నంలో ఎవరైనా ఒకటే చెబుతారు, ఇంజను దగ్గర అని. పెళ్లిచూపుల్లో మా నాన్నకు ఆయన చెప్పిన మాట అది. మా అక్క ఈశ్వరి చేపల గంప దింపుకున్న ప్రతిచోటా ఆ మాట గొప్పగా చెప్పుకుంది.

నిజానికి ఆయన వంటవాడు. ఓడలో ఇరవై ఇద్దరికి మూడు పూటలా వండి పెట్టే చీఫ్ కుక్కు.

ఇందులో దాచుకోవాల్సినంత సిగ్గేముందని మీకు అనిపించవచ్చు. మా పడవల్లో వల లాగలేనివాడికి, తెడ్డు పట్టలేనివాడికి అన్నం కుండ అప్పగిస్తారు. వంటోడంటే చేతకానివాడని అర్థం. పిల్లనడగడానికి వచ్చినవాడికి ఆ మాట నోట రాలేదు. ఒకసారి ఇంజను ఎక్కాక దిగే దారి లేకపోయింది. సెలవుకు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు చెడిపోయిన పడవ మోటారు చూడమని లాక్కుపోయేవారు. బావ వంగి చూసి, రెండుసార్లు తట్టి, "ఇది సిన్న ఇంజనురా. నాది ఇంటంతుంటాది. దీని సంగతి నాకు తెల్దు" అని లేచొచ్చేవాడు. అందరూ ఆ ఇంటంత ఇంజనును తలుచుకుని నోళ్లు తెరిచేవారు.

నాకు మాత్రం తెలుసు. నేను శ్రీకాకుళంలో బీఈడీ చదివే రోజుల్లో తన ఓడ కాగితాలు జిరాక్సు తీయించమని ఇచ్చాడు. ఇంగ్లీషు చదవగలిగిన బావమరిది ఉన్నాడన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు. తిరిగి ఇస్తూ నవ్వాను. ఆయన నవ్వలేదు. "అక్కకి సెప్పకురా మోహనా" అని చేతికున్న వాచీ తీసి నా చేతికి పెట్టాడు. అది లంచమని అప్పుడు అనుకోలేదు. ముచ్చటపడి పన్నెండేళ్లు పెట్టుకు తిరిగాను.

సెలవుల్లో ఆయన ఇంట్లో ఉండే తీరు చెప్పాలి. అక్క తెల్లారకముందే ఒడ్డుకు పోయి, చేపలు కొని, ఊళ్లమ్మట అమ్మి, మధ్యాహ్నానికి ఇంటికి చేరేది. కాళ్లు కడుక్కుని పొయ్యి అంటించేది. బావ అరుగు మీద మఠం వేసుకుని కూర్చునేవాడు. కంచం ముందుకు రాగానే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తక్కువైనాది" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. ఉప్పు సరిగ్గానే ఉండేది. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. వంట తెలియని మగవాడు ఎలా ఉంటాడో అలా కనబడాలని ఆ మాట పట్టుకున్నాడు. అక్క గబగబా లేచి ఉప్పు తెచ్చి కంచం పక్కన పెట్టేది.

కిందటేడు షుగరు వచ్చి ఓడ డాక్టరు పరీక్షలో తప్పాడు. ఇంటికి వచ్చేశాడు. దీపావళి దాటాక అక్కకు టీబీ అని తేలింది. మాత్రలు మొదలుపెట్టాక దగ్గు తగ్గింది కానీ తిండి పోయింది. పుట్టినప్పటి నుంచీ చేపల మధ్య బతికిన మనిషికి చేప వాసన వస్తే వాంతి. పోపు వాసన వస్తే వాంతి. రెండు నెలల్లో ముప్పై నాలుగు కిలోలకు దిగింది. తిండి ఎక్కకపోతే మందులు తట్టుకునే ఓపిక కూడా ఉండదని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. పక్కింటివాళ్లు తెచ్చిన గంజి రెండు గుక్కలు తాగి, కళ్లు మూసుకుని పడుకునేది.

ఒక శనివారం సాయంత్రం బావ ఫోను చేశాడు. "ఒరే మోహనా, కొత్తగా ఓడెక్కిన కుర్రోళ్లు ఉంటారు సూడు, సముద్రం తిప్పీసి వారం దాకా మంచినీళ్లు కూడా దిగవు ఆళ్లకి. అలాంటోళ్లకి నానొకటి సేసి పెట్టీవోడిని. గుమ్మడికాయ ఉడకబెట్టి, మెత్తగా మెదిపి, మీగడేసి, అందులో పాస్తా కలిపి. కోడిమాంసం సాసేజీలు నాలుగు ఏపి పైనేస్తే బలం. పోపు నేదు, మసాలా నేదు. వాసనే ఉండదు."

"అయితే వండు బావా. నన్ను అడుగుతావేటి?"

ఆయన గొంతు తగ్గించాడు.

"దానికి తెలిసిపోతాదిరా" అన్నాడు.

ఆయన వేసిన ఎత్తు ఇది. నేను సరుకులు తెచ్చి ఇచ్చి, అక్కను మా ఇంటికి తీసుకుపోవాలి. ఆయన వండి డబ్బాలో పెట్టుకుని తెస్తాడు. శ్రీకాకుళం హోటలు నుంచి తెచ్చామని నేను చెప్పాలి. మనిషి ముప్పై నాలుగు కిలోలకు వచ్చినా ఈయనకు ఇంకా ఇంజనే ముఖ్యమా అని ఒళ్లు మండింది. మండినా సరే అన్నాను. ఒక అబద్ధానికి పన్నెండేళ్లు కాపలా కాసినవాడికి ఇంకొకటి బరువా?

ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళం వెళ్లాను. పాస్తా, వెన్న దొరికాయి. సాసేజీలు ఐసులో పెట్టి అమ్మే దుకాణంలో దొరికాయి. మెత్తగా రుబ్బిన మాంసాన్ని పలుచని తోలులో కూరి వేలెడేసి కట్టినవి. రైతుబజారులో నాలుగు కిలోల తియ్యగుమ్మడి కొని, బస్సు దిగాక భుజాన పెట్టుకుని వీధమ్మట నడిచాను.

అక్క పెరట్లో ఎండలో చాప మీద కూర్చుని ఉంది. మా ఇంటికి రమ్మంటే రానంది. "ఆటో ఎక్కితే కడుపులో తిప్పెస్తాదిరా తమ్ముడూ. నాను ఇక్కడే ఉంతాను" అంది. తర్వాత కాయను చూసింది. "ఓలమ్మ, ఇంత కాయ ఎవులు తింతారు?"

బావ నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను.

మా ఇళ్లల్లో ఆడవాళ్లు నిండు గుమ్మడికాయను కొయ్యరు. మొదటి గాటు మగవాడు పెట్టాలి. ఆ తర్వాత ఎవరు కోసినా తప్పు లేదు. బావ ఓడ మీద ఉన్నన్నాళ్లూ అక్క కాయ చంకన పెట్టుకుని, వీధిలో ఖాళీగా ఉన్న మగవాడి కోసం వెతుక్కునేది. ఆయన సెలవులో ఉంటే కత్తితో అడ్డదిడ్డంగా ఒక్కటేసి, వెళ్లి అరుగు మీద కూర్చునేవాడు.

అక్క మెల్లగా కత్తిపీట తన ముందుకు లాక్కుంది. "ఒక్క గాటెట్టీసి నాకిచ్చీ మావా. ముక్కలు నాను కోస్తాను. ఏటి తినాలనుందో సెప్పు, వండెట్టెస్తాను."

మొగుడికి గుమ్మడికాయ కూర మీద మనసైందనుకుంది. లేచి నిలబడలేని మనిషి, ఆయనకు వండి పెడతానంటోంది.

బావ వంటింటి కత్తి తెచ్చి గాటు పెట్టాడు. కాయ సగానికి చీలింది. అక్క చెయ్యి చాచింది. గాజులు మోచేతి దాకా జారిపోయాయి. ఆయన ముక్క ఇవ్వలేదు. కాసేపు అలాగే చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్లాడు. ట్రంకుపెట్టె మూత చప్పుడు వినబడింది. పాత చొక్కాలో చుట్టిన పొడుగాటి కత్తి ఒకటి పట్టుకుని వచ్చాడు. నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు.

పీట మీద కూర్చుని కొయ్యడం మొదలుపెట్టాడు. గింజలు ఒక్క చుట్టులో ఊడి వచ్చాయి. తొక్క పలుచగా, తెగకుండా దిగింది. ముక్కలన్నీ ఒకే కొలత. చూపు చేతుల మీద లేదు, అక్క మీదే ఉంది. చేతులు వాటంతటవే నడుస్తున్నాయి.

అక్క రెప్ప వెయ్యకుండా చూసింది.

ముక్కలను రెండు వెల్లుల్లి రెబ్బలతో కుక్కరులో పెట్టి, ఒక్క కూత రానిచ్చి దించాడు. గరిటెతో మెదిపి, పొద్దుటి పాల మీగడ కలిపి, చిటికెడు మిరియాల పొడి వేశాడు. రంగు పసుపుపచ్చగా, నున్నగా తేలింది. వేరే గిన్నెలో పాస్తా ఉడికించి, వార్చేముందు ఆ నీళ్లు ఒక గ్లాసుడు పక్కన ఉంచాడు. సాసేజీల వాసన అక్కకు తగలకూడదని పెరటి గోడ అవతల మూడు ఇటుకలు పేర్చి, అక్కడ వెన్నలో ఎర్రగా వేయించాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని మరీ కూర్చున్నాడు.

ఆయన గోడ అవతల ఉన్నప్పుడు అక్క నన్ను అడిగింది.

"నీకు తెల్సా?"

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడనే సామెతను ఏటా పిల్లలకు వివరిస్తాను. బూడిదగుమ్మడి మోస్తే భుజాన బూడిద అంటుతుందిరా, అందుకే తడుముకున్నాడు అని నవ్విస్తాను. నేను మోసుకొచ్చింది తియ్యగుమ్మడి. దానికి బూడిద ఉండదు. అయినా నా చెయ్యి భుజం మీదికి పోయింది. అక్క అది చూసింది. ఇంకేమీ అడగలేదు.

బావ అంతా కలిపి, దాచిన నీళ్లు కొద్దిగా పోసి పలుచన చేసి, కంచంలో పెట్టి ఆమె ముందు ఉంచాడు. తను ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అక్క ముందు వాసన చూసింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. వాంతి రాలేదు. ఇంకో ముద్ద తింది. ఆరో ముద్దో ఏడో ముద్దో తిన్నాక చెయ్యి ఆపింది.

"మావా, నాకు కామెర్లొచ్చిన ఏడు నువ్వు ఇంటికాడే ఉన్నావు కదా?"

"ఉన్నాను" అన్నాడు బావ.

"నాలుగు నెల్లు."

బావ తల వంచుకున్నాడు.

ఆ ఏడు నేనూ వచ్చాను. అక్క గోడకు చేరగిలబడి, పొయ్యి ముందు కూర్చుని కవళ్ల చేపల పులుసు వండింది. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. తను ఒక్క ముద్దా తినలేదు. మేమిద్దరం తిన్నాం. బావ "ఉప్పు తక్కువైనాది" అన్నాడు. ఆ వాచీ చేతికి పెట్టుకునే, ముద్ద కలుపుతూ నేనూ అవునన్నాను.

"వంటోడివైతే నాకేటి నామోషీ?" అంది అక్క. గొంతు పెంచలేదు. "మా నాన్న ఏటనీవోడో నాకు తెల్దు. నాను మాత్రం ఊరంతా సెప్పుకునీదాన్ని, మా మావ ఓడంతటికీ వండెడతాడని. ఇన్నేసి పనొచ్చిన సేతులు. ఈ సేతులెట్టుకుని కూకుండిపోనావు కదా మావా. నాను లెగలేకపోతంటే సూస్తా కూకుండిపోనావు."

"తప్పైపోనాది ఈశ్వరీ" అన్నాడు బావ. అంతకుమించి ఏం చెప్పగలడు? పెళ్లినాటి అబద్ధం ఆయనొక్కడిదే. కామెర్లనాటి తప్పులో నాకూ వాటా ఉంది. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు.

అక్క ఫర్వాలేదనలేదు. కంచం దగ్గరకు లాక్కుని మిగిలిందంతా తింది. అడుగున అంటుకున్నది కూడా వేలితో తీసి తింది. తర్వాత కంచం బావ వైపు జరిపింది.

"ఇంకాసిన్ని ఎయ్యి" అంది. ఆయన గరిటె అందుకుంటుంటే, "ఉప్పు సరిపోనాది" అంది.

బావ చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ మాట మేమిద్దరం ఆమెకు ఒక్కసారి కూడా చెప్పలేదు.