రంగు మారిన విమానం

ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులో దిగే చిన్న విమానం చక్రాలకు అడ్డుకట్టెలు పెట్టడం వీరభద్ర పని. పెట్టాక తలుపు కింద ఉన్న పళ్లెమంత రేకు అతుకును రుమాలుతో తుడవందే కదిలేవాడు కాదు. పోయిన నెల ఆ రూటు కాంట్రాక్టు ఇంకో కంపెనీకి పోయింది, దాంతో అతని పనీ పోయింది. వాళ్లు కొత్త విమానం తెస్తున్నారని విని, ఈ పొద్దున కంచె బయట నిలబడ్డాడు. ఎర్రగా మెరుస్తూ వచ్చి అది కంచె వైపు తిరిగింది. తలుపు కింద అదే అతుకు! వీరభద్ర కంచెను పట్టుకుని ముందుకు వంగాడు.

“ఇది మన విమానమే కదప్పా!” అన్నాడు కంచె దగ్గర కాపలా ఉన్న నాగరాజ్‌తో.

“అదేనప్పా. బాడుగకు తీసుకొని రంగేసినారంట.”

వీరభద్ర ఒంటి మీదున్న పాత కంపెనీ నీలం యూనిఫారం చొక్కాను తడుముకున్నాడు.

“దానికి అంత రంగేసినోళ్లకు, నాకొక చొక్కా మార్చేది శానా కష్టమాయెనా?”